కత్తెర రెక్క

ఆ చలికాలం మా కాలేజీలో ఈగలకి మొక్కజొన్న పిండి వచ్చేది, మనుషులకి రాలేదు. ఈ మాట చెబితే మా మనవలు ముసల్దానికి మతి పోయిందని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. కడుపునిండా తిన్నవాళ్ళకి ఏదైనా నవ్వులాటే.

మాది హువై నది ఒడ్డున వ్యవసాయ కాలేజీ. దాని వెనకవైపు, పందుల కొట్టానికీ బొగ్గుల షెడ్డుకీ మధ్య ఒక ఇరుకు గది ఉండేది. అందరూ దాన్ని ఈగల గది అనేవాళ్ళు. అందులో పనిచేసేది ముగ్గురం: తావ్ మాస్టారు, ఆయన భార్య షూలన్ వదిన, నేను. నా ఇంటిపేరు క్వాంగ్. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. నోరు మాత్రం ఇప్పటిలాగే ఉండేది.

మిగలపండిన ఖర్బూజా మీద ముసిరే ఎర్రకళ్ళ చిన్నీగలు మీకు తెలుసు కదా, నువ్వుగింజంత ఉంటాయి. వాటినే పెంచేవాళ్ళం. తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకి ఎలా దిగుతాయో చూడాలని ఆవునో మనిషినో పెట్టుకు కూర్చుంటే చూసేవాడి జీవితం చాలదు. ఈగ అయితే నెల తిరిగేసరికి మనవల్ని ఎత్తుతుంది. పాలసీసాల అడుగున మొక్కజొన్న పిండి ఉడికించి పోసి, అందులో ఈగల్ని వదిలి, మూతికి దూది కుక్కేవాళ్ళం. గుడ్లు పురుగులయ్యి, పురుగులు గూళ్ళు కట్టుకుని, గూళ్ళలోంచి కొత్త ఈగలు వచ్చేవి. ఆ తిండి పులిసి పాడయ్యేలోగా వాటిని కొత్త సీసాలోకి మార్చాలి. నా పని అదే. విత్తనమైతే డబ్బాలో పోసి దాచుకోవచ్చు. ఈగని దాచలేం. ఒక్కసారి మార్చడం మరిచిపోతే ఆ జాతి పోయినట్టే, మళ్ళీ ఎవడి తరమూ కాదు.

మాస్టారికి ప్రాణమైన జాతి ఒకటి ఉంది. జపాను వాళ్ళతో యుద్ధం నడిచే రోజుల్లో కాలేజీ మొత్తం కొండల్లోకి తరలిపోయినప్పుడు, అక్కడొక వెనిగర్ కొట్టు గుమ్మం దగ్గర ఆయనకి ఒక ఈగ దొరికింది. రెక్కలు ఎవరో కత్తెరతో ఏటవాలుగా కోసినట్టు పొట్టిగా ఉన్నాయి, అంచు దగ్గర ఈనె కొంచెం లోపలికి మెలితిరిగి ఉంది. ఈగల పని చేసేవాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది, కొత్త లక్షణం ఎవరికి దొరికితే వాళ్ళే దానికి పేరు పెట్టాలి. ఆయన 'కత్తెర రెక్క' అని పెట్టాడు. దాన్ని మామూలు ఈగతో జతకడితే పిల్లలన్నిటికీ పూర్తి రెక్కలే వచ్చేవి. ఆ పిల్లల్ని వాటిలో వాటికి జతకడితే, మనవల్లో నాలుగింట ఒకటి మళ్ళీ పొట్టి రెక్కలతో పుట్టేది. కొత్తగా వచ్చిన విద్యార్థులకి మాస్టారు ఇది చూపించి, "దాక్కుంటుంది అంతే, పోదు," అనేవాడు. అనేటప్పుడు ఆయన మొహం చూడాలి, సొంత మనవణ్ణి చూపిస్తున్నంత సంబరం.

ఆ సంబరం ఎన్నాళ్ళో సాగలేదు. కొత్త ప్రభుత్వం వచ్చిన కొన్నేళ్ళకి రష్యా నుంచి కొత్త సిద్ధాంతం దిగింది. తిండినీ వాతావరణాన్నీ మారిస్తే జాతే మారిపోతుందనీ, ఈగల చదువు పనీపాటా లేని డబ్బున్నవాళ్ళ చదువనీ అన్నారు. పెద్ద హాల్లో మీటింగు పెట్టి, మాస్టారి చేతికి మరిగే నీళ్ళ కెటిల్ ఇచ్చి, అందరి ముందూ సీసాల్లో పోయమన్నారు. పోశాడు. ఆ తర్వాత, తిండి మారితే జాతి మారుతుందని నోటితో ఒప్పుకోమన్నారు. అది మాత్రం ఒప్పుకోలేదు.

"చంపమన్నారు, చంపాను. ఆ మాట నా నోట రాదు," అన్నాడు.

ఆ ఒక్క మాటకి నాలుగేళ్ళు పందుల కొట్టం ఊడ్చాడు. నేనప్పుడు విద్యార్థిని. పేడతట్ట మోసుకుపోతున్న ఆయనకి ఎదురుపడితే తల దించుకుని పక్కకి తప్పుకునేవాళ్ళం, ఆయనే పలకరించి పరీక్షలు ఎలా రాశామని అడిగేవాడు. ఆ తర్వాత గాలి మళ్ళీ మారింది. రెండు సిద్ధాంతాలవాళ్ళూ ఎవరి పని వాళ్ళు చేసుకోవచ్చని పైనుంచి మాట వచ్చింది. గది తిరిగి ఇచ్చారు, కానీ ఈగలేవీ. అప్పుడు షూలన్ వదిన ఇంట్లో దుప్పట్ల పెట్టె అడుగునుంచి ఒక సీసా తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది. అన్నేళ్ళూ కుళ్ళిన పళ్ళ తొక్కలు పెట్టి మొగుడికి తెలియకుండా కత్తెర రెక్కని బతికించింది. తెలిస్తే ఎక్కడ నిజం ఒప్పేసుకుంటాడోనని భయమట. ఆ సీసా చూసి మాస్టారు ఏడ్చాడు. మగవాడు అలా ఏడవడం నేను చూడటం అదే మొదలు. దేశంలో మరెక్కడా లేని జాతి అని పేరొచ్చి, దాన్ని కాపాడటానికని ప్రత్యేకంగా మొక్కజొన్న పిండి మంజూరైంది.

ఇక ఆ కరువు చలికాలం. ఇళ్ళలో పొయ్యిలు ఉండకూడదని తీయించేశారు, అందరికీ సామూహిక వంటశాల గంజే. ఆ గంజిలో మొహం చూసుకోవచ్చు. చెట్ల బెరడు పొడిచేసి కలిపేవాళ్ళు. ఒళ్ళు నీరుపట్టి, కాలి మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. మాస్టారి కూతురు యాన్‌యాన్‌కి ఆరేళ్ళు. లేకలేక పుట్టిన పిల్ల. ఆ పిల్ల మొహం ఉబ్బి కళ్ళు గీతల్లా అయిపోయాయి, మంచం దిగడం మానేసింది. వాళ్ళుండే క్వార్టర్ల బ్లాకులోనే కిందటి నెల ఇద్దరు పిల్లలు అలా ఉబ్బే పోయారు. తరవాత ఎవరి వంతో నోరు విప్పి ఎవరూ అనకపోయినా అందరికీ తెలుసు.

ఈగల తిండి వండేది షూలన్ వదినే. ఎదురుగా పిండి బస్తా పెట్టుకుని, దాన్ని ఉడికించి, ఆ వాసన పీల్చి, సీసాల్లో పోసి, ఇంటికి ఖాళీ చేతులతో వెళ్ళాలి. ఎంతకని ఓర్చుకుంటుంది? ఒకరోజు మాస్టారిని అడిగేసింది. రోజుకో గరిటెడు తీస్తే ఎవరికి తెలుస్తుందంది. ఆయన అరవలేదు. గుర్రాలకి పెట్టే శనగలు తిన్న గుర్రపుసాల పనివాణ్ణి మెడలో పలక కట్టి ఊరేగించి ఎక్కడికి పంపారో గుర్తు చేశాడు. నువ్వు పోతే పిల్లకి తల్లెవరన్నాడు. పైగా కత్తెర రెక్క పురుగులు బలహీనమైనవి, పళ్ళో మొక్కజొన్న పిండో తప్ప ఏది పెట్టినా నిలబడవు, ఈ కరువులో పళ్ళ తొక్కలు కూడా లేవు అన్నాడు.

"మన పిల్ల ఏది పెడితే నిలబడుతుందో అదీ చెప్పండి," అంది వదిన.

ఆ రోజునుంచి ఆయన తన వంటశాల గంజి కూడా పిల్లకే పోయడం మొదలుపెట్టాడు. ఆయన కాళ్ళు ఉబ్బాయి, చూపు మందగించింది. మధ్యాహ్నం దాటితే సీసా మీద కట్టిన చీటీ చదవలేకపోయేవాడు. మొండిమనిషి. నాకు ఆయనంటే ఎంత గౌరవమో అంత కోపం కూడా.

షూలన్ వదిన ఇంకేం అడగలేదు. కాలేజీ దుంపల గొయ్యిలో నల్లమచ్చ తెగులు పట్టిన చిలగడదుంపలు పారేసి ఉండేవి. అవి చేదు విషం, తిన్న గేదెలు చచ్చాయి, కాబట్టి ఎంత ఆకలైనా మనుషులు ముట్టేవాళ్ళు కాదు. ఈగలు మాత్రం తినేవి. వదిన వాటిని ఉడికించి సీసాల అడుగున నింపి, పైన రంగు కనపడటానికి పలచగా పిండి పూత పోసేది. మిగిలిన పిండి దూదికోటు లోపల ఇంటికెళ్ళి యాన్‌యాన్ గంజిలో కలిసేది. నేను చూశాను. చూసి, సీసాకి దూది కుక్కుతూ, "వదినా, కోటు కుట్టు విడిపోయింది. దారంతా పిండి రాల్చుకుంటూ వెళ్తే మీ ఇంటికి కోళ్ళొస్తాయి," అన్నాను.

"ఊళ్ళో కోళ్ళెక్కడ మిగిలాయే," అంది.

మర్నాటినుంచి నాకూ ఒక గుప్పెడు ఇచ్చేది. తిన్నాను. ఇప్పుడు సిగ్గుపడమంటే పడను.

కొన్నాళ్ళకి యాన్‌యాన్ మొహం దిగింది, కళ్ళు తెరుచుకున్నాయి. మంచం మీద కూర్చుని గోడకి నీడలతో కుందేళ్ళు చేసేది. మాస్టారు పొంగిపోయి, వంటశాల గంజి ఈమధ్య చిక్కబడిందని అక్కడి వంటవాడికి దండం పెట్టి మరీ వచ్చాడు. వంటవాడు నోరెళ్ళబెట్టాడట. నేనూ వదినా ఆ సంగతి విని బొగ్గుల షెడ్డులోకి పోయి నవ్వుకున్నాం. ఆ చలికాలం మొత్తంలో నేను నవ్వింది అప్పుడే అనుకుంటాను.

కానీ మాస్టారు చెప్పింది నిజమే. మిగతా జాతులు దుంప తిని బతికాయి, కత్తెర రెక్క బతకలేదు. సీసా తర్వాత సీసా పలచబడింది. పురుగులు గూళ్ళు కట్టకుండానే నల్లబడి చచ్చేవి. చివరికి ఒక్క సీసాలో నాలుగైదు ఆడఈగలు మిగిలాయి. ఈ జాతి పోతే పిండి మంజూరు పోతుంది. పిండి పోతే యాన్‌యాన్ మళ్ళీ మంచమెక్కుతుంది, ఈసారి దిగదు. పైగా జాతి పోయిందని తెలిస్తే ఆ మనిషి ఏమవుతాడో వదినకి తెలుసు. అన్నేళ్ళు దుప్పట్ల కింద దాన్ని కాపాడింది తనే కదా. చంపింది కూడా తనే.

అప్పుడు వదిన ఒక పని చేసింది. పక్క సీసాలోంచి మామూలు ఈగల్ని తీసి, ఈథర్ చుక్క చూపించి మత్తులో పడేసి, పింగాణీ పలక మీద పరిచింది. పెళ్ళిలో తనకొచ్చిన అల్లికపని కత్తెర తీసుకుని, భూతద్దం కింద, వాటి రెక్కలు ఏటవాలుగా కత్తిరించింది. వాటిని ఆ మిగిలిన ఆడఈగలున్న సీసాలో కలిపేసింది. వదిన రెండు ఈగల్ని చెడగొట్టాక నేను కత్తెర తీసుకున్నాను. నా చెయ్యి సూటిగా పోతుంది.

"ఈ రష్యా సిద్ధాంతం నిజమైతే ఎంత బావుండేది. ఒకసారి కత్తిరిస్తే పిల్లలు కూడా కత్తిరించుకునే పుట్టేవి, మనకీ గోల తప్పేది," అన్నాను.

"నోర్మూసుకుని కొయ్యి," అంది వదిన.

పిల్లలు పూర్తి రెక్కలతోనే పుడతాయని ఇద్దరికీ తెలుసు. అందుకే మాస్టారు రాకముందే వచ్చి, పొద్దున పుట్టిన వాటిని పుట్టినట్టే కత్తిరించేవాళ్ళం. ఆయన వచ్చి సీసా వెలుతురుకెత్తి, పొట్టి రెక్కల ఈగలు కనపడితే తల పంకించి కింద పెట్టేవాడు. ఆ చూపుకి అంచు దగ్గర మెలిక ఉందో లేదో కనపడదు. కనపడదని తెలిసే చేశాం. అలా తల పంకించిన ప్రతిసారీ వదిన మొహం చూడలేక నేను కిటికీలోకి చూసేదాన్ని.

ఇలా ఎంతకాలం నడిచేదో. కాలువ తవ్వకానికి మనుషులు కావాలని నన్ను పంపించారు. వారం తర్వాత తిరిగొచ్చేసరికి వదిన జ్వరంతో పడి అప్పుడే లేచిందట. గదిలోకి అడుగుపెట్టాను. మాస్టారు కిటికీ దగ్గర, పొద్దుటి ఎండలో, కళ్ళకి ఆనించినంత దగ్గరగా సీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు. సీసా నిండా పూర్తి రెక్కల ఈగలు. కత్తిరించే దిక్కు లేక అలాగే ఎదిగాయి.

"క్వాంగమ్మా, ఈ సీసాలో ఎవరి చెయ్యి పడింది?" అని అడిగాడు.

నా వెనకే వదిన వచ్చింది, గోడ పట్టుకుని. ఏదీ దాచకుండా మొత్తం చెప్పింది. దుంపలు, పిండి, కోటు, కత్తెర. ఏడవకుండా, లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. ఆయన తిడతాడని, సీసా విసిరి కొడతాడని అనుకున్నాను. ఆయన స్టూలు మీద కూర్చుని సీసా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"యాన్‌యాన్ తింటోందా?" అన్నాడు చివరికి.

"తింటోంది."

ఇంతలో బయట అడుగుల చప్పుడైంది. కాలేజీ పార్టీ కార్యదర్శి గెంగ్, వెనక పైనుంచి వచ్చిన తనిఖీ కమిటీ వాళ్ళు. ధాన్యం ఎక్కడెక్కడ పోతోందో చూడటానికి తిరుగుతున్నారు. గెంగ్ చెడ్డవాడని నేను అనను. ఆయన కాళ్ళు కూడా ఉబ్బి, బూట్ల తాళ్ళు విప్పుకునే నడుస్తున్నాడు. కానీ పైవాళ్ళకి చూపించడానికి ఆయనకి ఏదో ఒక ఘనకార్యం కావాలి. వచ్చీరాగానే సీసా అందుకున్నాడు.

"ఇదేనా ఆ కత్తెర రెక్క? రెక్కలు బానే ఉన్నాయే." అని సీసా వంచి అడుగు చూశాడు, వాసన చూశాడు. "ఇది దుంప కదూ. తావ్ మాస్టారూ, మరి పిండేమైంది?"

వదిన కోటు గుండీల మీద చెయ్యి వేసుకుంది, లోపలి కుట్టుల్లో పాత పిండి ఇంకా అంటుకునే ఉంది. వేరే జాతి కలిసిపోయిందని నిజం చెబితే, ఎవరు కలిపారు, ఎందుకు కలిపారు అని మొదలై ఆ కోటు దగ్గరికే వస్తుంది. ఆ గుర్రపుసాలవాడి మెడలో పలక నా కళ్ళ ముందు ఆడింది. మాస్టారు లేచి నిలబడ్డాడు.

"దుంప పెట్టింది నేనే," అన్నాడు. "తిండి మారిస్తే జాతి మారుతుందేమో చూద్దామని. పిండి మిగతా సీసాలకి వాడుతున్నాను."

"మారిందా?"

"మారింది."

గెంగ్ మొహం వెలిగిపోయింది. ఏళ్ళ తరబడి ఒప్పుకోని మనిషి ఒప్పుకుంటే వెలగదూ. ఆ సాయంత్రమే హాల్లో మీటింగు పెట్టించాడు. కెటిల్ పట్టుకుని నిలబడ్డ చోటే మాస్టారు మళ్ళీ నిలబడ్డాడు. తిండి మారడం వల్ల కత్తెర రెక్క జాతికి పూర్తి రెక్కలు వచ్చాయనీ, ఇన్నాళ్ళూ తను పొరబడ్డాననీ, పిల్లలకి పాఠం చెబుతున్నట్టు నిదానంగా, అందరికీ వినపడేలా చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా పక్కన వదిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దీంతో గండం గడిచిందని, పిండి వస్తూనే ఉంటుందని, ఆ ఒక్కటీ అయినా దక్కిందని నేను అనుకున్నాను.

చప్పట్లు ఆగాక గెంగ్ లేచాడు. ఈగల సిద్ధాంతం తప్పని దాన్ని పట్టుకు వేలాడిన మనిషే రుజువు చేశాడు కాబట్టి ఇక ఈగల గదితో పని లేదన్నాడు. ఈగలకి దుంప చాలని కూడా తేలింది కాబట్టి పిండి మంజూరు ఆ రోజుతో రద్దు అన్నాడు. పక్షం రోజుల్లో గది ఖాళీ చేసి విత్తనాల విభాగానికి ఇవ్వాలన్నాడు. ఉన్న బస్తా రేపు వచ్చి పట్టుకెళ్తామన్నాడు. మళ్ళీ చప్పట్లు. మాస్టారు వేదిక మీద అలాగే నిలబడి ఉన్నాడు, దిగమని ఎవరో చెయ్యి పట్టుకుని దించేదాకా.

హాలు బయటికి రాగానే వదిన నా మోచెయ్యి పట్టుకుని గదికి ఈడ్చుకెళ్ళింది. బస్తాలో ఎంత పిండి ఉందో అంతా పొయ్యి మీద పెట్టి ఉడికించేద్దామంది. వండి సీసాల్లో పోసి ఈగల్ని వదిలితే, పురుగులు పట్టిన ముద్దని ఎవరు వెనక్కి అడుగుతారంది. బూజు పట్టకుండా కలిపే మందు ఆ ఏడు దొరకలేదు, అదే మా అదృష్టం, అది కలిస్తే ఆ ముద్ద మనుషులు తినడానికి పనికిరాదు. ఉన్న సీసాలన్నీ కడిగి, దుంప ఆనవాలు లేకుండా, వేలెడు మందాన పిండి పోశాం. మాస్టారు వచ్చి కూర్చుని, తన చేత్తో ఈగల్ని మార్చాడు. కత్తెర రెక్క అని చీటీ ఉన్న సీసాలోని పూర్తి రెక్కల ఈగల్ని కూడా జాగ్రత్తగా కొత్త సీసాలోకి మార్చి, పాత చీటీనే విప్పి దానికి కట్టాడు.

"దేనికి మాస్టారూ, అవిప్పుడు మామూలువే కదా," అన్నాను.

"అలవాటు," అన్నాడు.

మర్నాడు గెంగ్ మనుషులు వచ్చి ఖాళీ బస్తా దులుపుకుని, సీసాల్లోకి తొంగి చూసి, మొహం చిట్లించుకుని వెళ్ళిపోయారు.

ఆ పక్షం రోజులూ మాస్టారు సీసాలు బుట్టలో పెట్టుకుని, పైన పాతబట్ట కప్పి, కొన్ని కొన్నిగా ఇంటికి చేరవేశాడు. పారేయడానికి తీసుకెళ్తున్నానని చెప్పేవాడు, ఎవరూ పట్టించుకోలేదు. ఇంట్లో పొయ్యి ఉండకూడదు కాబట్టి మంచం వెనక రెండు ఇటుకల మధ్య చితుకులు పెట్టి నీళ్ళు కాచేవాళ్ళు. ఆ మరిగే నీళ్ళు సీసాలో పోస్తే లోపల ముద్ద వదులై, పురుగులతో, గూళ్ళతో సహా గిన్నెలోకి జారేది. దాన్ని మళ్ళీ ఉడికించేవాళ్ళు. పైకి ఎగిరే ఈగల్ని ముందే బయటికి వదిలేసేవాడు ఆయన. కిటికీ తీసి, చలిగాలిలోకి. అవి ఎంతసేపు బతుకుతాయో ఆయనకి తెలుసు.

చివరి రోజు నేను కూడా వెళ్ళాను. ఒక్క సీసానే మిగిలింది, కత్తెర రెక్క చీటీ ఉన్నది. దాన్ని ఆయన అన్నిటికన్నా వెనక్కి నెట్టుకుంటూ వచ్చాడని అప్పుడు గమనించాను. యాన్‌యాన్ మంచం మీద దుప్పటి కప్పుకుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూస్తోంది. మాస్టారు సీసా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అలవాటుగా వెలుతురుకెత్తాడు. భూతద్దం ఇమ్మన్నాడు. తర్వాత నన్ను పిలిచి సీసా నా చేతికిచ్చాడు.

లోపల కొత్తగా పుట్టిన ఈగలు. ఎక్కువ పూర్తి రెక్కలవే. వాటి మధ్య అక్కడొకటీ ఇక్కడొకటీ, ఏటవాలుగా, పొట్టిగా. నేను భూతద్దం పెట్టి చూశాను. మా కత్తెర పనికాదు, కత్తెర ముట్టుకుని ఎన్నాళ్ళో అయింది. అంచు దగ్గర ఈనె లోపలికి మెలితిరిగి ఉంది. ఆ చివరి నాలుగైదు ఆడఈగల మనవలు.

"దాక్కుంది," అన్నాడు మాస్టారు. "పోలేదు."

ఆ సీసా తీసుకుని హాల్లోకి వెళ్ళి నిలబడితే చాలు. వేదిక మీద తను అన్నది అబద్ధమని, తిండి ఏ జాతినీ మార్చలేదని, జీవితమంతా చెప్పిందే నిజమని ఆ ఈగలే చెబుతాయి. మామూలు ఈగల్ని ఎవరో కలిపారని కూడా అవే చెబుతాయి. వదిన ఇటుకల దగ్గరనుంచి లేవలేదు. తల మాత్రం తిప్పి మొగుణ్ణి చూసింది.

నేనే ఉండబట్టలేక, "ఒక జత ఇవ్వండి మాస్టారూ. ఒక్క జత. మా ఇంట్లో దాచి పెంచుతాను, ఎవరికీ తెలియనివ్వను," అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు, బతిమాలినట్టూ లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

"దేంతో పెంచుతావమ్మా?"

కావలసిందల్లా వేలెడు పిండి, ఒక్క సీసాకి సరిపడా. అది ఆ సీసా అడుగున తప్ప మా ఊళ్ళో ఇంకెక్కడా లేదు.

"నాన్నా, ఇంకా అవలేదా?" అంది మంచం మీదనుంచి యాన్‌యాన్.

"అయిపోతోందమ్మా."

కిటికీ తీశాడు. దూది లాగి సీసా బయటికి పెట్టి, అడుగు మీద మెల్లగా తట్టాడు. పూర్తి రెక్కలవి ఎగిరిపోయాయి. పొట్టి రెక్కలవి ఎగరలేవు కదా, అవి గాజుగోడ పట్టుకుని పైకి పాకి, చలికి మళ్ళీ కిందికి జారాయి. ఆయన ఇంకోసారి తట్టాడు. అవి లోపలే ఉన్నాయి. కిటికీ మూసి, ఇటుకల దగ్గరికి వచ్చి కూర్చుని, వదిన చేతిలోంచి కెటిల్ తీసుకుని నీళ్ళు పోశాడు.

యాన్‌యాన్ గిన్నె ఖాళీ చేసి, వేలితో అడుగు తుడుచుకు తింటూ, గంజిలో ఆ నల్లగింజలేమిటని అడిగింది.

"నువ్వులమ్మా," అన్నాడు ఆయన. "నమిలి తిను."

గోధుమ కోతకి రాకముందే మాస్టారు పోయాడు. యాన్‌యాన్ బతికింది. ఇప్పుడు తనకీ మనవలున్నారు. కొత్త సంవత్సరానికి నన్ను చూడటానికి వచ్చినప్పుడల్లా నువ్వుల మిఠాయి పట్టుకొస్తుంది. ఎన్ని రకాలు తిన్నా నాన్న చేతి నువ్వుల గంజి రుచి రాలేదంటుంది. అదెలా చేసేవాడో నీకైనా తెలుసా అత్తా అని అడుగుతుంది. తెలియదంటాను.